బందరు రోడ్డు మీద కవాతు: మా ఊరివాళ్లు అడిగే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు

జనవరి మూడో వారం, ఆగస్టు రెండో వారం వచ్చాయంటే మా విజయవాడ కృష్ణలంకలో టీ కొట్టు దగ్గర మాట రిపబ్లిక్ డే, స్వాతంత్ర్య దినోత్సవ కవాతుల మీదికి మళ్లుతుంది. "ఈసారీ మన స్టేడియంలోనేనా?" అని ఒకరంటే, "బందరు రోడ్డు ఎప్పుడు మూస్తారు?" అని ఇంకొకరు. పరేడ్‌లో నడిచే పిల్లల అమ్మానాన్నలది ఒక మాట, రోడ్డు మీద షాపులున్నవాళ్లది ఒక మాట, ఇంట్లో రోగి ఉన్నవాళ్లది ఇంకో మాట. మా వీధి సంక్షేమ సంఘంలో ఏళ్లుగా తిరుగుతున్నాను కాబట్టి అందరూ నన్నే అడుగుతారు. చెప్పిందే చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే పనికొస్తుందని కూర్చున్నాను.

ఇంతకీ ఇది సైన్యం కవాతా, పోలీసుల కవాతా?

బందరు రోడ్డు మీదున్న ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియంలో జరుగుతూ వచ్చింది రాష్ట్ర ప్రభుత్వ వేడుక. జనవరి 26న గవర్నరు, ఆగస్టు 15న ముఖ్యమంత్రి జెండా ఆవిష్కరించి గౌరవ వందనం తీసుకుంటారు. ఆగస్టు 15 కూడా మొదట్లో గవర్నర్లదే. తమిళనాడు ముఖ్యమంత్రిగా కరుణానిధి పట్టుబట్టి అడిగాక, 1974 నుంచి ముఖ్యమంత్రులకు ఆ అవకాశం వచ్చింది. రిపబ్లిక్ డే నాడు ఆర్మీ దళం నడుస్తుంది, దాంతోపాటు సీఆర్‌పీఎఫ్, ఏపీఎస్పీ (రాష్ట్ర ప్రత్యేక పోలీసు) బెటాలియన్లు, ఎన్‌సీసీ పిల్లలు. వెనకాల శాఖలవారీగా శకటాలు. ఢిల్లీ కర్తవ్యపథ్‌లోలాగా ట్యాంకులు, క్షిపణులు మన రోడ్డు మీదికి రావు. వస్తాయని ప్రతి ఏడూ ఎవరో ఒకరు వాట్సాప్‌లో పెడతారు, నమ్మకండి.

అన్ని ఊళ్లుండగా విజయవాడలోనే ఎందుకు?

ప్రతిసారీ ఇక్కడే జరగలేదు. 2014లో రాష్ట్రం విడిపోయాక తొలి ఆగస్టు 15 కర్నూలులో చేశారు. తర్వాత వరసగా విశాఖపట్నం, అనంతపురం, తిరుపతి, శ్రీకాకుళం తిరిగింది. 2015 జనవరి 26 మాత్రం మన స్టేడియంలోనే. 2019 నుంచి ఆగస్టు 15 కూడా ఇక్కడికి వచ్చింది. ఊరూరా తిప్పే పద్ధతే బాగుండేదని నా అభిప్రాయం. శ్రీకాకుళం పిల్లవాడికి కూడా సొంత ఊళ్లో కవాతు చూసే హక్కుంది. పైగా ఏటా ఒకే రోడ్డు మూయనక్కర్లేదు.

అయితే ఈ ఊరికీ జెండాకీ ఉన్న బంధం వేరు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగాయి. మన బందరు పక్క భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య జెండా నమూనా గాంధీజీ చేతికిచ్చింది అప్పుడే. ఎరుపు, ఆకుపచ్చ రెండే రంగులు. తెలుపు చేర్చమన్నది గాంధీజీ. ఆ ఇవ్వడం కూడా బందరు రోడ్డు మీద ఇప్పటి బాపు మ్యూజియంలోనే జరిగిందని మా పెద్దవాళ్లు చెబుతారు. కవాతుకని మూసేది ఆ రోడ్డునే. అందుకే ఈ గొడవలో ఎవరు ఎంత విసుక్కున్నా, జెండా వద్దన్నవాళ్లు మాత్రం నాకు ఈ ఊళ్లో తగల్లేదు.

మరి అభ్యంతరం దేనిమీద?

మా ఇంట్లో జరిగింది చెబితే తేలిగ్గా అర్థమవుతుంది.

మా నాన్నకి వారానికి మూడుసార్లు డయాలసిస్. మేముండేది కృష్ణలంకలో, ఆసుపత్రి సూర్యారావుపేటలో. మధ్యలో బందరు రోడ్డు అడ్డం. పొద్దున్న 7 గంటల స్లాట్. డయాలసిస్ తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: మెషీన్ మీద 4 గంటలు ఉండాలి, 11 అయ్యేసరికి తర్వాతి పేషెంట్ వచ్చి కుర్చీలో కూర్చుని ఉంటాడు. మనం గంట ఆలస్యమైతే ఆ గంట మన రక్తం శుభ్రమయ్యే టైములోంచే పోతుంది. తర్వాత రెండు రోజులు కాళ్ల వాపు, ఆయాసం.

మూడేళ్ల కింద ఓ జనవరిలో, రిహార్సల్ రోజు. రిహార్సల్ ఉందని మాకు తెలియదు. ఆటో ఎక్కి మూల తిరిగేసరికి అడ్డంగా పసుప్పచ్చ బారికేడ్లు, తాళ్లు. అవతల బ్యాండు వాయిస్తున్నారు. నాన్న ఆటోలో ముందుకి వంగి, ముందుసీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు. మా ఆటో అబ్బాయి దిగి బతిమాలాడు. డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ కుర్రవాడు, ఇరవై అయిదేళ్లు కూడా ఉండవు, నాన్న మోచేతి దగ్గర ఉబ్బిన ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చే నరం) చూసి గుర్తుపట్టాడు. "మా అమ్మకీ అదేనండీ" అన్నాడు. కానీ బారికేడ్ తీసే అధికారం అతనికి లేదు. వైర్‌లెస్‌లో అడిగాడు, జవాబు రాలేదు. చివరికి నాన్నని మేమిద్దరం చెరోపక్కా పట్టుకుని రోడ్డు దాటించాం. ఆవలి పక్క ఇంకో ఆటో దొరికేసరికి 8 దాటింది.

ఆ కుర్రవాడి మీద నాకు ఈరోజుకీ కోపం లేదు. కవాతు మీదా లేదు. ముందురోజు ఒక్క మాట మా వీధికి తెలిసుంటే తెల్లవారుజామునే బయల్దేరేవాళ్లం. బారికేడ్ దగ్గర రోగిని పంపమని ఒక్కరికి అధికారమిచ్చి ఉంటే సరిపోయేది. ఇంతకన్నా పెద్ద ఫిర్యాదు మా వీధిలో ఎవరికీ లేదు.

షాపులవాళ్లు, టిఫిన్ బండ్లవాళ్లు ఏమంటున్నారు?

పెద్ద షాపులవాళ్లు పెద్దగా పట్టించుకోరు, ఎలాగూ పది దాటాకే షట్టర్ ఎత్తుతారు. దెబ్బ తగిలేది పొద్దుటి బేరం మీద బతికేవాళ్లకి. ఇడ్లీ బండి ఆవిడ రాత్రే పిండి రుబ్బి పెట్టుకుంటుంది. తెల్లారి వచ్చి బండి తీసెయ్యమంటే ఆ పిండి ఏం చేస్తుంది? మా సందు చివరి బండి ఆవిడ అలాంటి ఓ రోజు రెండు గిన్నెల పిండి వీధిలో ఇంటింటికీ పంచిపెట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు. మర్నాటికి పులుస్తుంది, పారబొయ్యలేనమ్మా అంది.

వీధి వ్యాపారుల కోసం 2014లో చట్టం వచ్చింది. వాళ్ల చోటు మార్చాలన్నా ఖాళీ చేయించాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలని అందులో ఉంది. ఒక పూట పక్కకి జరగమనడానికి నెల నోటీసు ఎవరూ అడగరు. ముందురోజు సాయంత్రం, పిండి రుబ్బకముందే చెబితే చాలు. బండ్లని స్టేడియం వెనక సందుల్లో ఒకచోట పెట్టనిస్తే కవాతుకొచ్చినవాళ్లకి టిఫినూ దొరుకుతుంది.

పిల్లల్ని గంటల తరబడి ఎండలో నిలబెడుతున్నారు కదా, తల్లిదండ్రులు ఒప్పుకుంటున్నారా?

ఇక్కడ ఒక్క మాట మీద ఎవరూ లేరు. మా పక్కింటి అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఎన్‌సీసీలో ఎంపికైంది. రిహార్సల్ ముందురోజు రాత్రి మెట్ల మీద కూర్చుని కాన్వాస్ బూట్లకి తెల్ల పాలిష్ రాస్తోంది. ఒక పూత ఆరాక ఇంకో పూత. నాడాలు తీసి విడిగా ఉతికి దండెం మీద వేసింది. "మామయ్యా, గట్టిగా అడుగు వేస్తే పాలిష్ రాలుతుందా?" అని అడిగింది. ఆ పిల్ల మొహం చూశాక, కవాతు వద్దని ఎవరైనా ఎలా అనగలరు?

అదే పిల్ల ఆగస్టులో రిహార్సల్ నుంచి వచ్చి గుమ్మంలోనే కూలబడింది. విజయవాడ ఆగస్టు ఉక్కపోత గురించి మనవాళ్లకి చెప్పనక్కర్లేదు. జనవరి పొద్దుటి చలిలో రెండు గంటలు నిలబడటం ఒకటి, ఆగస్టులో నిలబడటం ఇంకొకటి. కాబట్టి నా జవాబు రెండు నెలలకీ ఒకటి కాదు. ఆగస్టు రిహార్సల్ ఎనిమిదిన్నరకల్లా అయిపోవాలి. మంచినీళ్లు, మజ్జిగ పిల్లల వరసల దగ్గరికే రావాలి. పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చిన పిల్లని వరసలో నిలబెట్టకూడదు. ముఖ్యమైనవాళ్లు వచ్చేదాకా పిల్లల్ని కదలనివ్వకుండా ఉంచడం నాకు అసలు నచ్చదు. కవాతులో అందరికన్నా ముందుగా చూసుకోవాల్సింది వాళ్లనే.

ఇలా మాట్లాడితే సైనికుల్ని అవమానించినట్టు కాదా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లని నేను ఒకటే అడుగుతాను, 2024 సెప్టెంబరులో మీరెక్కడున్నారు అని.

బుడమేరు వాగు పొంగి మన ఊళ్లో సింగ్ నగర్ మునిగినప్పుడు మా పిన్ని వాళ్లు రెండు రోజులు డాబా మీదే ఉన్నారు. కింద గదిలో ఫ్రిజ్ తేలుతోంది. తాగడానికి నీళ్లు అయిపోయాయి. హెలికాప్టర్లలోంచి పొట్లాలు పడ్డాయి, డ్రోన్లతో పంపారు, పడవల్లో వచ్చారు. కొండపల్లి అవతల బుడమేరు గట్టుకి పడ్డ గండ్లు పూడ్చడానికి ఆర్మీ ఇంజినీర్లు వచ్చారు. ఇనుప జాలీ బుట్టల్లో రాళ్లు నింపి, అడుగు తర్వాత అడుగు కట్ట కట్టుకుంటూ వెళ్లారు. వాళ్ల ఒంటినిండా బురదే. సైనికుడంటే ఈ ఊరికి ఇప్పుడు గుర్తొచ్చేది ఆ బురద కాళ్లే. ఆ తర్వాత వచ్చిన జనవరి 26న ఆర్మీ దళం నడుస్తుంటే మా పిన్ని టీవీ ముందు కూర్చుని చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది. అదే పిన్ని "రోడ్డు మూసే ముందు చెప్పాలి కదరా" అని కూడా అంటుంది. ఈ రెండు మాటలకీ మధ్య ఆవిడకి ఏ పేచీ కనపడదు.

చట్టం సంగతి కూడా చెబుతాను. ప్రభుత్వ వేడుక ఏర్పాట్లని విమర్శించడం నేరం కాదు. మాట్లాడే స్వేచ్ఛ, ఆయుధాలు లేకుండా శాంతంగా గుమికూడే స్వేచ్ఛ రాజ్యాంగం 19వ అధికరణంలో ఉన్నాయి. 1986లో సుప్రీంకోర్టు ఒక కేసు తేల్చింది. కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడనందుకు బడి నుంచి తీసేశారు. పాడకపోయినా వాళ్లు గౌరవంగా లేచి నిలబడ్డారు, అది అవమానం కాదని చెప్పి కోర్టు వాళ్లని తిరిగి బడిలో చేర్చుకోమంది. పాడనివాళ్లకే రక్షణ ఉంటే, మజ్జిగ ఇవ్వండి అని అడిగినవాళ్లకి ఉండదా?

ఎన్నికలప్పుడు బలగాలు చేసే ఫ్లాగ్ మార్చ్, ఇదీ ఒకటేనా?

కాదు. మా గుంటూరు వైపు చుట్టాలు ఈ రెండింటినీ కలిపేస్తుంటారు, దానికి కారణం లేకపోలేదు. 2024 మే 13 పోలింగ్ తర్వాత పల్నాడులో గొడవలు జరిగి 144 సెక్షన్ పెట్టారు, కేంద్ర బలగాలు వీధుల్లో తిరిగాయి. అప్పుడు నరసరావుపేటలో ఉన్నవాళ్లకి బూట్ల చప్పుడు వినపడితే గుర్తొచ్చేది పండగ కాదు, తలుపు గడియ. (ఆ 144 సెక్షన్ బదులు 2024 జులై 1 నుంచి కొత్త నేర విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 163వ సెక్షన్ వచ్చింది. కొత్త ఉత్తర్వుల్లో ఆ నంబరు చూసి కంగారుపడకండి.)

ఇంకా వెనక్కి వెళితే గుంటూరు జిల్లా జ్ఞాపకం వేరు. 1922లో పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన రైతులు శిస్తు కట్టం అన్నప్పుడు, వాళ్లని బెదిరించడానికి తెల్లదొరలు సాయుధ బలగాల్ని దింపారు. అదే ఏడు పల్నాడులో పుల్లరికి (అడవిలో పశువుల మేతకి వేసే పన్ను) ఎదురుగా ఉద్యమం నడిపిన కన్నెగంటి హనుమంతుని కాల్చి చంపారు. తుపాకులు పట్టుకుని వరసగా నడిచే మనుషుల్ని చూస్తే ఆ ఊళ్ల పెద్దవాళ్లకి మొదట కలిగేది జంకు. దాన్ని తప్పుపట్టకండి. మన స్టేడియం కవాతు ఆ జంకు పోగొట్టేలా ఉండాలి. కంచెల వెనక నిలబెట్టి చూపిస్తే అది పోదు.

మామూలు మనిషికి లోపల చోటు దొరుకుతుందా?

పాసులున్నవాళ్లకి తరగతులవారీగా షామియానా కింద కుర్చీలు. మిగతా జనానికి గ్యాలరీ. తెల్లవారకముందే వెళితే చోటు దొరుకుతుంది, ఆలస్యమైతే దూరం నుంచి తలలే కనపడతాయి. విశాఖలో నేవీ విన్యాసాలు చూశాను ఒకసారి. బీచ్‌లో ఇసుకలో ఎవరు ముందొస్తే వాళ్లు కూర్చున్నారు, మరమరాలు తింటూ. పిల్లలు నాన్నల భుజాలెక్కారు. సముద్రానికి గేటు లేదు కాబట్టి అక్కడ అలా కుదురుతుంది, నాకూ తెలుసు. కానీ మన స్టేడియంలో సింగ్ నగర్ వాళ్లకి, పారిశుధ్య కార్మికులకి, ఆటోవాళ్లకి ముందు వరసల్లో కొన్ని కుర్చీలు పెట్టడానికి ఏ సముద్రమూ అక్కర్లేదు.

దీనికి ఎంత ఖర్చవుతుందో తెలుసుకోవచ్చా?

సమాచార హక్కు చట్టం, 2005. తెల్లకాగితం మీద రాసి 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. "మొత్తం ఖర్చెంత" అని ఒక్క ముక్కలో అడిగితే ఆ శాఖనడుగు ఈ శాఖనడుగు అంటారు. షామియానా, కుర్చీలు, శకటాలు, బారికేడ్లు విడివిడిగా, ఏ సంవత్సరానికో రాసి అడగండి.

మా అబ్బాయి వర్జీనియాలో ఉంటాడు. వాషింగ్టన్‌లో కూడా పరేడ్ మీద పెద్ద గొడవైందట కదా?

అయింది. 2025 జూన్ 14న, అమెరికా సైన్యానికి 250 ఏళ్లు నిండాయని. అదే రోజు అధ్యక్షుడు ట్రంప్ 79వ పుట్టినరోజు కూడా కావడంతో పండగ ఎవరిదన్న ప్రశ్న లేచింది. వేలమంది సైనికులు నడిచారు. అబ్రామ్స్ ట్యాంకు ఒక్కోటి 60 టన్నుల పైమాటే, రోడ్డు చితికిపోకుండా మలుపుల దగ్గర ఉక్కు పలకలు పరిచారు. ఖర్చు 2.5 కోట్ల నుంచి 4.5 కోట్ల డాలర్ల దాకా అవుతుందని సైన్యమే అంచనా చెప్పింది. 1991లో గల్ఫ్ యుద్ధం అయ్యాక చేసిన దాని తర్వాత ఆ ఊళ్లో అంత పెద్ద కవాతు మళ్లీ అదే. అదేరోజు దేశమంతా 'నో కింగ్స్' పేరుతో నిరసనలు జరిగాయి.

మనదాన్ని దాంతో పోల్చడం సరికాదు. మనది ఏటా వచ్చే జెండా పండగ, ఒకరి పుట్టినరోజుతో ముడిపడింది కాదు. కానీ అక్కడి వీధులవాళ్లు అడిగిన ప్రశ్నలు చూస్తే మనవిలాగే ఉన్నాయి. రోడ్డు పాడైతే ఎవరు బాగుచేస్తారు, నా బస్సు ఎటు వెళ్తుంది, ఈ డబ్బుతో ఇంకేం చేయొచ్చు. ఊరివాళ్లకి ఎక్కడైనా ముందు తట్టేవి ఇవే.

అగ్నివీర్‌కి తయారవుతున్న కుర్రాళ్లు ఏమంటున్నారు?

కవాతుని వీళ్లంత శ్రద్ధగా చూసేవాళ్లు ఇంకెవరూ లేరు. గుంటూరు బీఆర్ స్టేడియంలో తెల్లవారుజామున పరుగెత్తే పిల్లల్ని చూడండి, మడమ దగ్గర బూటు చిరిగినా ఆగరు. ఆర్మీ దళం వెళుతుంటే భుజం తూకం, చెయ్యి ఎంత ఎత్తుకి లేస్తుందో వాళ్లు లెక్కపెడతారు. కానీ 2022 జూన్‌లో ఆ పథకం ప్రకటించినప్పుడు సికింద్రాబాద్ స్టేషన్‌లో నిరసన హింసగా మారిందీ, కాల్పుల్లో ఒక కుర్రవాడు పోయిందీ వాళ్లు మరిచిపోలేదు. నాలుగేళ్ల ఉద్యోగం, ఆ తర్వాత 25 శాతం మందికే కొనసాగింపు. మా చెల్లెలి కొడుకు నన్ను అడిగాడు, "మామయ్యా, చప్పట్లు కొట్టినవాళ్లు అయిదో ఏడు నాకు ఉద్యోగం ఇస్తారా?" అని. నా దగ్గర జవాబు లేదు. వాడు మాత్రం రేపు పొద్దున్న కూడా పరుగెత్తడానికి వెళ్తాడు.

రోడ్డు మూసినప్పుడు ఎటు వెళ్లాలి?

కంట్రోల్ రూమ్ వైపు నుంచి బెంజ్ సర్కిల్‌కి వెళ్లేవాళ్లని మామూలుగా ఆర్టీసీ వై జంక్షన్ దగ్గర ఏలూరు రోడ్డు ఎక్కించి, స్వర్ణ ప్యాలెస్, దీప్తి సెంటర్, పుష్పా హోటల్, జమ్మిచెట్టు, సిద్ధార్థ కాలేజీ మీదుగా పంపుతుంటారు. ఆ ఏడాది ప్రకటన పేపర్లో ఒకసారి చూసుకోండి. డయాలసిస్, కీమో, కాన్పు కేసులుంటే ఆసుపత్రి చీటీ చేతిలో పెట్టుకోండి, గంటన్నర ముందే బయల్దేరండి. కృష్ణలంకవాళ్లు ఆటోతో దాటాలని చూడకండి. ఇవతలి పక్క ఒక ఆటో, అవతలి పక్క ఒక ఆటో ముందే మాట్లాడుకోండి. మేమిప్పుడు అదే చేస్తున్నాం.

మీ నాన్నగారు ఏమంటారు? ఆయనకి కవాతు మీద కోపం రాలేదా?

ఆయన కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ. జనవరి 26న డయాలసిస్ లేకపోతే పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని టీవీ ముందు కూర్చుంటాడు. జనగణమన మొదలవగానే కుర్చీ చేతులు రెండూ పట్టుకుని మెల్లిగా లేస్తాడు. సాయం పట్టబోతే వద్దంటాడు. అయిపోయేదాకా నిలబడి, మళ్లీ కూర్చుని, ఊపిరి సర్దుకున్నాక నావైపు తిరిగి అడుగుతాడు: "రోడ్డు ఎన్నింటికి తీస్తారట?"